ఉన్నికి మూడో సంబంధం

మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. లాండ్రీ కొట్టు వెనక గదిలో కూర్చుని బట్టల చిరుగులు పూడ్చే మా రఫ్ఫావిడ, ఫోనులో ఆడే గుర్రప్పందేల్లో ఏడాదికోసారి వచ్చే పెద్ద పరుగు గెలిచింది కదా, అది ఆవిడ తెలివి కాదట. తన ఆడగుర్రానికి జోడు కుదిర్చేటప్పుడు వేలు జారి పక్కనున్న గుర్రం మీద పడిందట. ఆ పొరపాటుకు పుట్టిన పిల్ల గెలిచి కూర్చుందట. మందుల షాపులో ఇదే మాట, పాలబూత్ దగ్గర ఇదే మాట. మొన్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే ఆయన కూడా ఇదే చెప్పాడు. అప్పుడు నా నోట్లో ఆయన చెయ్యి ఉండబట్టి జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

రఫ్ఫు అంటే ఏమిటో తెలియని పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు కాబట్టి ముందు అది చెప్పాలి. కోటు మీద నిప్పురవ్వ పడి చిల్లు పడుతుంది. శాలువాను ఎలుక కొరుకుతుంది. ప్యాంటు మేకుకు తగులుకుని చీరుకుపోతుంది. ఆ చిల్లు చుట్టూ ఉన్న పోగులు లెక్కపెట్టి, అడ్డం ఒకటి, నిలువు ఒకటి, సూదితో అక్కడ మళ్ళీ గుడ్డ నేయడమే రఫ్ఫు. మాసిక వేరు. మాసిక కనిపిస్తుంది. రఫ్ఫు కనిపించకూడదు. కనిపించిందంటే పని చెడినట్టే.

ఆవిడ గది ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. కిటికీ తెరిస్తే అచ్చాఫీసు గోడ. మెడ వంచిన దీపం ఒకటి, ఇనుప కాడకు బిగించిన భూతద్దం ఒకటి, బిస్కట్ల డబ్బాల్లో రంగురంగుల దారాలు. ఇంకో డబ్బా నిండా పాత బట్టల్లోంచి లాగి దాచిన పోగులు. పక్క గదిలోంచి ఇస్త్రీపెట్టె ఆవిరి ఎప్పుడూ బుసకొడుతూ ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చుంది. మా వీధిలో ఏ బీరువా తెరిచినా ఆవిడ చేతిపని ఉంటుంది, ఏ బట్టలో ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. బట్ట తీసుకునేవాళ్ళు వెలుతురుకు పట్టుకుని, "ఇంతకీ ఎక్కడ చిరిగిందమ్మా?" అంటారు. ఆవిడకు దొరికే మెప్పు అంతే. సంచీలో పెట్టుకుని వెళ్ళిపోతారు, ఆ తర్వాత ఆ చిరుగూ గుర్తుండదు, దాన్ని పూడ్చిన మనిషీ గుర్తుండదు.

అందుకే ఈ గుర్రం సంగతి నాకు అంత పట్టింపు. ఆవిడ పని నలుగురి కళ్ళకూ కనిపించింది ఇదొక్కసారే. దాన్నీ వేలు జారడం కింద జమకడితే నేను ఊరుకోను.

ఆవిడను ఆటలోకి దింపింది పక్క గదిలో ఇస్త్రీ చేసే అబ్బాయి. అబ్బాయి అంటే నలభై దాటిన మనిషే, వీధికి మాత్రం అబ్బాయే. వాడికి ఈ ఆటంటే పిచ్చి. అందులో గుర్రాలను పెంచాలి, పరిగెత్తించాలి, జోడు కట్టి పిల్లలను పుట్టించాలి. పందెం అంటున్నానని డబ్బులు అనుకునేరు, పైసా లేదు, ఉన్నదల్లా పరువు. ఒక లాయానికి ఐదుగురు ఉండాలి. నలుగురు కుదిరారు, ఐదో మనిషి దొరకలేదు.

"వదినా, నువ్వేం చెయ్యక్కర్లేదు. ఊరికే పేరివ్వు," అన్నాడట.

ఊరికే పేరిచ్చినందుకు ఊరికే ఒక గుర్రాన్ని అంటగట్టాడు. మిగతా నలుగురూ ఏరుకోగా మిగిలిన ఆడగుర్రం అది. బూడిద రంగు, సన్నటి కాళ్ళు, భయం భయంగా చూసే కళ్ళు. పరుగు మొదట్లో బాగానే ఉరుకుతుంది, సగం దాటితే కాళ్ళు తేలిపోతాయి. దాని రంగు చూసి ఆవిడ ఉన్ని అని పేరు పెట్టుకుంది. మధ్యాహ్నం కళ్ళు నొప్పెట్టినప్పుడు సూది పక్కన పెట్టి కాసేపు దాన్ని మేపేది. కళ్ళకు విశ్రాంతి అని ఫోను చూసే మనిషిని నేను ఈవిడనే చూశాను.

ఆ ఆటలో ఆడగుర్రం మూడుసార్లే ఈనుతుంది. ఆ తర్వాత దాన్ని మేత మైదానానికి పంపేస్తారు, మళ్ళీ లాయంలోకి రాదు. దాని పిల్లల్లో ఒక్కటైనా పెద్ద పరుగు దాకా వస్తే దాని వంశం నిలుస్తుంది, రాకపోతే అక్కడితో సరి. పైగా ఇస్త్రీ అబ్బాయి ఒక షరతు పెట్టాడు. మూడు కాన్పుల్లోనూ పనికొచ్చే పిల్ల పుట్టకపోతే లాయంలో ఆవిడ గుర్రానికిచ్చిన కొట్టం ఖాళీ చేసి, వాడి బావమరిదికి ఇవ్వాలి. ఆ బావమరిది అప్పటికే రోజూ కొట్టుకు వచ్చి, ఖాళీ అయ్యే ఇల్లు చూసుకునేవాడిలా ఆవిడ భుజం మీంచి తొంగిచూసి పోతుండేవాడు.

మొదటి సంబంధం ఆవిడ సొంతంగా చూసింది. చూసి తప్పు చేసింది. దాచడమెందుకు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. రఫ్ఫు పనిలో బజారు దారం ఎంత వెతికి తెచ్చినా పూర్తిగా కలవదు. ఆ బట్ట లోపలి మడతలోంచి, ఎవరికీ కనపడని చోటునుంచి పోగు లాగి దానితోనే పూడ్చాలి. అప్పుడు రంగూ కలుస్తుంది, మెరుపూ కలుస్తుంది. ఆవిడ గుర్రానికీ అదే పద్ధతి పట్టింది. ఉన్ని రక్తంలోంచే జోడు వెతికి, దాని తండ్రికి తండ్రిని తెచ్చి కట్టింది.

నేను ముక్కున వేలేసుకున్నాను. "తాతేమిటే అమ్మాయ్, వావివరసలు చూసుకోవద్దూ?"

"ఫోనులో గుర్రాలకు వరసలేంటి అక్కయ్యా. రంగు చూడండి, ఎక్కడైనా తేడా ఉందా?"

రంగుకేం, అచ్చు గుద్దినట్టే పుట్టింది. కత్తెర అని పేరు పెట్టింది. పరుగు మొదట్లో కత్తెరను పట్టుకునే గుర్రం లేదు. ఎనిమిదో పందెంలో మలుపు తిరుగుతూ ముందుకాలు విరిగి పడింది. తల్లికున్న సన్నకాళ్ళు తాత వైపునుంచి కూడా వచ్చి రెండింతలయ్యాయని తర్వాత తెలిసింది. ఆ రోజు ఆవిడ ఒక కోటు చెయ్యికి కుట్టాల్సింది జేబుకు కుట్టేసి, మళ్ళీ అంతా విప్పుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో అలా విప్పడం నేను చూడలేదు.

రెండో సంబంధం వీధి అంతా కలిసి చూసింది. అప్పట్లో ఆటలో సుడిగాలి అనే మగగుర్రం పేరు మారుమోగుతోంది. పదహారు గెలుపులు. అందరూ దానికే ఎగబడేవారు. "వదినా, ఈసారి నీ తెలివి కాస్త పక్కన పెట్టి సుడిగాలిని కట్టు," అన్నాడు ఇస్త్రీ అబ్బాయి. కట్టింది. బొత్తాం అనే పిల్ల పుట్టింది. అది కత్తెర కంటే వేగం. మూడు పందేలు పరిగెత్తి నాలుగో దానికి కుంటింది, మళ్ళీ లేవలేదు.

"సుడిగాలి పిల్లను కూడా నిలబెట్టుకోలేకపోయావంటే నువ్వు మామూలు మనిషివి కాదు వదినా!" అని వాడు ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే చప్పట్లు కొట్టబోయాడు. బావమరిది ఆ పూట అరగంట ఎక్కువ నిలబడ్డాడు.

ఇక మిగిలింది ఒక్క కాన్పు.

ఇంట్లో ఆవిడ భర్త ఏమీ అనడు. అచ్చాఫీసులో కాగితాలు కోసే పని ఆయనది, మాటలు కూడా కోసి కోసి మాట్లాడతాడు. అత్తగారు మాత్రం ఊరుకోదు. తొంభైకి దగ్గర పడిన ఆవిడ. ఈ గుర్రాలు ఫోనులో ఉంటాయని ఎంత చెప్పినా ఒకసారి నమ్ముతుంది, ఒకసారి నమ్మదు.

"రెండు సంబంధాలు చెడగొట్టావు. మూడోదైనా మంచిచెడ్డలు విచారించి చెయ్యి," అంది కోడలితో.

"అలాగే అత్తయ్యా."

"ఆస్తిపాస్తులు చూడకు. ఆరోగ్యం చూడు."

నేను అక్కడే ఉన్నాను, పడీపడీ నవ్వాను. రఫ్ఫావిడ నవ్వలేదు.

ఆ వారంలోనే బస్సు డిపోలో పనిచేసే పెద్దాయన తన ఉన్నికోటు తిరిగి తెచ్చాడు. క్రితం ఏడాది దాని మోచేయి చిరిగితే ఆవిడే పూడ్చింది. ఆయన గట్టి దారం వెయ్యమని పట్టుబడితే కొత్త దారం వేసింది. ఇప్పుడు చూస్తే ఆవిడ నేసిన ముక్క చెక్కుచెదరలేదు. దాని చుట్టూ గుడ్డ మాత్రం గుండ్రంగా, మూత తీసినట్టు ఊడి వచ్చింది.

"నీ పని మహా గట్టిదమ్మా, నా కోటే గట్టిది కాదు," అన్నాడు పెద్దాయన. నొప్పించాలని అన్న మాట కాదు.

ఆయన వెళ్ళాక ఆవిడ ఆ కోటు చేతిని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూసింది. నేను తెచ్చిన టీ చల్లారిపోయింది. మళ్ళీ వేడిచేసి తెస్తే అదీ చల్లారింది. చివరికి తల ఎత్తి, "అక్కయ్యా, బొత్తాం కాళ్ళు కూడా ఇంతే," అంది.

"ఏం ఇంతే?"

"దారం బలానికి పాతగుడ్డ ఓర్చుకోలేదు. సుడిగాలి వేగం వచ్చింది, ఆ వేగాన్ని మొయ్యడానికి ఉన్ని కాళ్ళు వచ్చాయి. మధ్యలో చిరిగింది."

"కత్తెరో మరి?"

"అరిగిన గుడ్డలోంచి అరిగిన పోగే లాగి పూడ్చాను. ఇంకేం నిలుస్తుంది."

అని, దాచిన పోగుల డబ్బా మూత తీసింది. ఎవరిదో వేరే కోటులోంచి ఎప్పుడో లాగిన పోగు ఒకటి పైకి తీసి రెండు చేతులతో పట్టి లాగి చూసింది. ఎన్నో ఉతుకులు ఉతికిన పోగు. మెత్తగా సాగింది కానీ తెగలేదు. పెద్దాయన కోటు మోచేయి అలాంటి పోగులతో పూడ్చింది. ఆ కోటు ఈ రోజుకీ బస్సు ఎక్కుతోంది, దిగుతోంది.

మర్నాడు ఆవిడ గళ్ళ నోటుపుస్తకం ఒకటి తెచ్చుకుంది. ఆటలో జోడుకు దొరికే మగగుర్రాలు మూడు వందల నలభై. మిగతావాళ్ళు గెలుపులు ఎక్కువున్న మొదటి పేజీ చూసి ఎంచుకుంటారు. ఈవిడ గెలుపులు చూడనే లేదు. ప్రతి గుర్రానికీ, అది పరిగెత్తిన పందేలన్నీ వరసగా ఒక చిట్టా ఉంటుంది. అందులో మధ్యలో ఆగిపోయినవి ఎన్ని, కుంటినవి ఎన్ని, వాన పడిన రోజు ఏం చేసింది, ఇవే చూసుకుంటూ పోయింది. ఒక్కో గుర్రం తాతముత్తాతలను గళ్ళ కాగితం మీద రంగు పెన్సిళ్ళతో పోగుల్లా గీసింది. పందెం మధ్యలో ఆగిపోయిన గుర్రమైనా, అందులో ఉన్ని పోగు రంగు ఎక్కడైనా కనిపించినా ఆ కాగితానికి గుండుసూది గుచ్చి పక్కన పెట్టేది. ఆవిడ బయటికి వెళ్ళినప్పుడు నేను ఆ పుస్తకం తిరగేశాను. అడగకుండా తిరగేయడం తప్పే, కానీ తిరగేయబట్టే ఇవాళ సాక్ష్యం చెప్పగలుగుతున్నాను. గుండుసూది లేని కాగితం ఒకటే ఉంది. దాని మీద మొద్దు అని రాసి చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టింది.

మొద్దు అన్నది నిజంగా ఆ గుర్రం పేరే. ఏ ఊరివాడో, దాన్ని పెంచినవాడు విసుగెత్తి పెట్టి ఉంటాడు. డెబ్భై ఒక్క పందేలు పరిగెత్తితే గెలిచినవి రెండు. జాబితాలో చిట్టచివరి పేజీ. రెండేళ్ళుగా దాన్ని జోడుకు అడిగిన నాథుడు లేడు. కానీ ఆ డెబ్భై ఒక్కటిలో మధ్యలో ఆగిపోయినది ఒక్కటీ లేదు. బురదలో పరిగెత్తింది, ఎండలో పరిగెత్తింది, ఆరో స్థానంలోనో ఏడో స్థానంలోనో గమ్యం చేరింది.

జోడు కట్టిన రోజు నేను నా శాలువా తీసుకోవడానికి వెళ్ళాను. వెళ్ళింది శాలువా కోసమే అని చెప్పను. ఆవిడ ఫోనులో సుడిగాలినీ మొద్దునూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. ఇస్త్రీ అబ్బాయి వెనక నిలబడ్డాడు.

"ఇంకా ఆలోచనేంటి వదినా? ఎడమ పక్కది నొక్కు. ఈసారన్నా సుడిగాలి రక్తం కలిసిరావచ్చు."

ఆవిడ వేలు ఎడమకే వెళ్ళింది. సుడిగాలి పేరు మీద నొక్కితే దాని పిల్లల చిట్టా తెరుచుకుంది. కుంటిన వాటి పేర్లు కిందిదాకా చూసుకుని చిట్టా మూసింది. అప్పుడు కుడివైపు నొక్కింది. ఫోను ఒకసారి కుయ్యిమంది.

"అయ్యయ్యో! మొద్దుది నొక్కేశావు వదినా! వెనక్కి తిప్పు, వెనక్కి తిప్పు!"

"వెనక్కి తిరగదు," అంది ఆవిడ, దారం పళ్ళతో కొరుకుతూ.

"సర్వనాశనం," అంటూ వాడు పరుగున పోయి బావమరిదికి ఫోను చేశాడు. వేలు జారిన కథ పుట్టింది ఆ ఫోనులోనే.

ఆటలో గుర్రం పదకొండు రోజులు పిల్లను మోస్తుంది. ఆ పదకొండు రోజులూ అత్తగారు కోడలిని ఫోను చేతిసంచీలో పడెయ్యనివ్వలేదు. "కడుపుతో ఉన్నదాన్ని అలా కుదుపుతావేంటి?" అని దాన్ని తన దిండు పక్కన పెట్టించుకుంది. పదకొండో రోజు పొద్దున పుట్టిన పిల్లకు అంచు అని పేరు పెట్టారు. బూడిద రంగు తల్లిది. కాళ్ళు మాత్రం దుంగల్లా ఉన్నాయి.

అంచు మొదటి పందెంలో తొమ్మిదోదిగా వచ్చింది. తర్వాత ఏడు, తర్వాత ఆరు. బావమరిది కొట్టంలో పెట్టబోయే గుర్రానికి పేరు కూడా వెతుక్కున్నాడు. కానీ పందేలు పెరిగే కొద్దీ పక్కవాళ్ళ గుర్రాలు ఒక్కొక్కటే కుంటుతూ రాలిపోతుంటే అంచు మాత్రం ఏ రోజూ సెలవు పెట్టలేదు. పంతొమ్మిది పందేలు వరసగా పరిగెత్తింది. నాలుగోది, మూడోది, మళ్ళీ మూడోది. ఆ లెక్కన పెద్ద పరుగుకు పిలుపు వచ్చింది. మా వీధి లాయంలో పిలుపు వచ్చింది దానికొక్కదానికే.

పెద్ద పరుగు ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. లాండ్రీ కొట్టులో కాలు పెట్టే సందు లేదు. డిపో పెద్దాయన కోటు వేసుకునే వచ్చాడు. పద్దెనిమిది గుర్రాలు, మూడువేల రెండు వందల మీటర్లు, పైగా ఆటలో వాన. మొదటి మలుపులో అంచు పదహారోది. సుడిగాలికి పుట్టిన గుర్రాలు నాలుగు ముందున్నాయి. సగం దాటేసరికి ఆ నాలుగింటిలో రెండు ఆగిపోయాయి. రెండువేల మీటర్ల దగ్గర అంచు ఎనిమిదోది. ఎవరో "నాలుగు!" అన్నారు. అంచు వేగం పెరగలేదు. మొదట్లో ఎలా వేసిందో అడుగు అలాగే వేస్తోంది, మిగతావే వెనక్కి జారిపోతున్నాయి. ఆఖరి మలుపులో ముందు ఒక్క గుర్రమే మిగిలింది. ఇస్త్రీ అబ్బాయి ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. వాడి చేతికింద ఇస్త్రీపెట్టె ఎవరిదో తెల్లచొక్కా మీద అలాగే ఉండిపోయింది. కాలిన వాసన వచ్చింది, ఎవరూ తల తిప్పలేదు. గీత దగ్గర అంచు సగం గుర్రం పొడుగు ముందుంది.

అరుపులకు అచ్చాఫీసు గోడ మీది పావురాలు లేచాయి. మాటలు కోసి మాట్లాడే ఆయన గుంపులోంచి పైకి లేచి, "అది మా ఆవిడ గుర్రం. జోడు చూసింది మా ఆవిడ. మొత్తం మా ఆవిడ," అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలు అనడం అదే మొదలు అని అత్తగారు అంది. రఫ్ఫావిడ మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుని, ఇస్త్రీ అబ్బాయి చేతికిందనుంచి ఆ కాలిన చొక్కా లాక్కుంది. కాలర్ కింద పెసరగింజంత చిల్లు. మర్నాటికి ఆ చిల్లు లేదు. చొక్కా గలాయనకు ఈ రోజుకీ తెలియదు, ఎవరిదో నేనూ రాయను.

ఉన్ని మేత మైదానానికి వెళ్ళిపోయింది. కొట్టం ఆవిడదిగానే నిలిచింది. గెలిచిన గుర్రం కింద దాని తల్లి పేరూ, జోడు కుదిర్చినవాళ్ళ పేరూ ఆటలో శాశ్వతంగా ఉంటాయట. ఎక్కడెక్కడివాళ్ళో ఇప్పుడు మొద్దు కోసం వరసలో నిలబడ్డారు. ఇన్ని జరిగినా వీధి మాత్రం వేలు దగ్గరే ఆగింది.

నేను ఇస్త్రీ అబ్బాయిని నిలదీశాను.

"నీ కళ్ళతో చూశావురా?"

"చూశాను పెద్దమ్మా. వేలు ఎడమకే వెళ్ళింది. తర్వాత కుడివైపు పడింది."

"మరి ఆ నోటుపుస్తకం?"

"గెలిచాక కూడా రాసుకోవచ్చు పెద్దమ్మా. అయినా వదిన కాదనలేదుగా? నేను ఎదురుగా అంటే నవ్వింది."

నిజమే, ఆవిడ కాదనలేదు. ఎవరు అడిగినా దారం కొస పళ్ళ మధ్య పెట్టుకుని నవ్వి ఊరుకుంటుంది. దారం నోట్లో ఉన్న మనిషి జవాబు చెప్పనక్కర్లేదు కదా, అదొక వీలు.

అందుకని నిన్న మధ్యాహ్నం ఆవిడ అన్నం తినే వేళ చూసుకుని వెళ్ళాను. చేతిలో సూదీ లేదు, నోట్లో దారమూ లేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"చూడమ్మాయ్, నేను దీన్ని రాయబోతున్నాను. సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నీ వేలు జారిందా?"

ఆవిడ ముద్ద మింగి, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని వచ్చి కూర్చుంది.

"జారలేదక్కయ్యా. నా వేలు జారితే ఈ వీధిలో సగం కోట్లు ఇప్పటికి ఊడిపోయేవి. మొద్దుని నేనే ఏరాను, ఇరవై రెండు రోజులు కూర్చుని ఏరాను. అలాగే రాయండి. ఉన్నిని తాతకు కట్టింది కూడా నేనే, కత్తెర కాలు విరిగింది నావల్లే. అది కూడా వదలకుండా రాయండి. రెండూ నా చేతిపనే."